వానకు ఆగితే అవుట్‌... పిడుగుకు ఆగకపోయినా అవుట్‌!

మే నెల సాయంత్రం. చింతలపూడి చుట్టుపక్కల ఏ ఊరి బడి మైదానం చూసినా క్రికెట్టే. ఆరు బంతుల్లో పదకొండు పరుగులు కొట్టాలి. గట్టు మీద కూర్చున్నవాళ్లు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. సరిగ్గా అప్పుడే సత్తుపల్లి వైపు ఆకాశం నల్లబడుతుంది. ఈదురుగాలికి దుమ్ము లేస్తుంది. పక్క తోటలో మామిడికాయలు టపటపా రాలతాయి. నాలుగు చినుకులు పడ్డాయో లేదో పేచీ మొదలు! 'ఆపేద్దాం, బంతి జారిపోతోంది' అంటుంది బౌలింగ్‌ జట్టు. 'ఈ మాత్రం చినుక్కేనా... ఆడాల్సిందే' అంటుంది బ్యాటింగ్‌ జట్టు. ఈలోగా ఫెళ్లున ఓ ఉరుము. అంతే, రెండు జట్లూ పేచీ మర్చిపోయి చింతచెట్టు కిందకు పరుగో పరుగు!

ఆ కాసేపట్లోనే రెండు పొరపాట్లు జరిగిపోయాయి. నాలుగు చినుకులకే ఆట ఆపేయాలనుకోవడం మొదటిది. ఉరుము వినపడ్డాక చెట్టు కిందకు పరిగెత్తడం రెండోది. మొదటి పొరపాటుకు పోయేది మ్యాచ్‌. రెండోదానికి పోయేది ప్రాణం.

ఎంత వానలో ఆడాలి, ఎప్పుడు ఆపాలి అన్నది గీత గీసినట్టు చెప్పే ఆట ఒకటుంది. మనలో చాలామంది టీవీలో చూడటమే తప్ప ఎప్పుడూ ఆడి ఎరగని ఆట... గోల్ఫ్‌. అందులోనూ సరదా కోసం, పరువు కోసం ఆడే అమెచ్యూర్‌ ఆటగాళ్లు వానాగాలిలో ఓ టోర్నమెంటు ఎలా ఆడతారో చూస్తే ఆటతోపాటు ఇంకా చాలా సంగతులు తెలుస్తాయి.

వాన సాకు కాదు

గోల్ఫ్‌ అనగానే నెత్తిన టోపీ, చేతికి గ్లౌజు, పచ్చటి తివాచీలాంటి గడ్డి, డబ్బున్నవాళ్ల కాలక్షేపం... మన కళ్ల ముందు మెదిలేది ఇదే. మన దేశానికి ఈ ఆట కొత్తదేం కాదు. కలకత్తాలో గోల్ఫ్‌ క్లబ్బు పెట్టింది 1829లో. బ్రిటిష్‌ దీవుల బయట ఇంకా నడుస్తున్నవాటిలో అదే అన్నిటికన్నా పాతదని పేరు. భారత అమెచ్యూర్‌ ఛాంపియన్‌షిప్‌ 1892లోనే మొదలైంది. తెలుగునాట చూడాలంటే హైదరాబాద్‌లో గోల్కొండ కోట నయా ఖిల్లాను ఆనుకుని ఓ మైదానముంది. విశాఖలో సముద్రపు గాలి తగిలేలా ఈస్ట్‌ పాయింట్‌ గోల్ఫ్‌ క్లబ్బుంది. ఆ గాలి ఎలాంటిదో 2014 అక్టోబర్‌ 12న హుద్‌హుద్‌ తుపాను చూపించింది. నగరంలోని పచ్చదనమంతా ఊడ్చిపెట్టినట్టు పోయింది. క్లబ్బులోని చెట్లూ కూలిపోయాయి. ఆ తర్వాత మైదానం మళ్లీ కోలుకుంది, ప్రొఫెషనల్‌ టోర్నమెంట్లకూ వేదికైంది.

అమెచ్యూర్‌ అంటే డబ్బు కోసం ఆడనివాడు. డాక్టరు, బ్యాంకు ఉద్యోగి, రిటైరైన సైనికాధికారి, కాలేజీ కుర్రాడు... ఎవరైనా కావచ్చు. ఏడాదంతా ఎదురుచూసిన క్లబ్‌ టోర్నమెంటు రోజున తెల్లారేసరికి ముసురు పట్టి ఉంటే? ఇంట్లోవాళ్లు 'ఈ వానలో ఏం వెళ్తారులెండి' అంటారు. కానీ వెళ్లాలి. ఆటగాడు మొదటి బంతి కొట్టే సమయం ముందే రాసి పెట్టి ఉంటుంది. ఆ వేళకు అక్కడ లేకపోతే తప్పు అతనిదే.

ఆడటం మొదలుపెట్టాక మరీ కష్టం. గోల్ఫ్‌ నిబంధనల ప్రకారం వాన పడుతోందన్న ఒక్క కారణంతో ఆటగాడు తనంతట తాను ఆట ఆపడానికి వీల్లేదు. సరైన కారణం లేకుండా ఆపితే ఏకంగా పోటీ నుంచే తప్పిస్తారు. బట్టలు తడిసిపోతున్నాయి, కళ్లజోడు మసకబారుతోంది, చలేస్తోంది... ఇవేవీ సాకులు కావు. పద్దెనిమిది గుంతల ఆట. దాదాపు ఏడెనిమిది కిలోమీటర్ల నడక. నాలుగు గంటలకు పైనే పడుతుంది. అదంతా తడుస్తూనే!

తడి చేసే తమాషా

గోల్ఫ్‌ బంతి బరువు 46 గ్రాములకు మించకూడదు. దాన్ని వేయాల్సిన గుంత వెడల్పు 108 మిల్లీమీటర్లు. ఇంత చిన్న బంతిని మూడు నాలుగు వందల మీటర్ల దూరంలోని అంత చిన్న గుంతలోకి పంపడం మామూలు రోజుల్లోనే గగనం. ఇక వాన పడితే లెక్కలన్నీ తారుమారే.

మొదట జారిపోయేది చెయ్యి. కర్ర పిడి తడిస్తే పట్టు తప్పుతుంది. అందుకే తెలిసినవాళ్లు సంచిలో రెండు మూడు తువ్వాళ్లు, నాలుగైదు గ్లౌజులు పెట్టుకుంటారు. ఓ తువ్వాలును గొడుగు ఊచలకు లోపలివైపు వేలాడదీస్తారు. అదైనా పొడిగా ఉంటే చాలు! తర్వాత దెబ్బతినేది దూరం. ఎండాకాలంలో నేల మీద పడ్డ బంతి ఇంకో ఇరవై ముప్ఫై గజాలు దొర్లుతుంది. తడి నేల మీద పడ్డచోటే కూరుకుపోతుంది. పైగా ఎదురుగాలి. దాంతో మామూలుగా వాడే కర్ర కన్నా దూరం కొట్టే కర్ర తీయాల్సొస్తుంది. బంతికీ కర్రకీ మధ్య నీరు చేరితే బంతి తిరగాల్సినంత తిరగదు. ఎక్కడ ఆగుతుందో చెప్పలేం.

గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డిని గ్రీన్‌ అంటారు. పొడిగా ఉన్నప్పుడు అక్కడ బంతిని అలా తాకిస్తే చాలు, జారిపోతుంది. తడిస్తే ఎంత కొట్టినా సగం దారిలో ఆగిపోతుంది. మొదటి నాలుగైదు గుంతలు ఈ తేడా అర్థం చేసుకోవడానికే సరిపోతాయి. అప్పటికే స్కోరుకార్డు మీద అంకెలు పెరిగిపోయి ఉంటాయి. పెన్ను రాయదు. కార్డు మెత్తబడి చిరిగిపోయేలా ఉంటుంది.

అలాగని ఆటగాడిని పూర్తిగా వరుణుడికి వదిలేయలేదు నిబంధనలు. వాన వల్ల కొత్తగా నిలిచిన నీటిలో బంతి పడినా, అక్కడ నిలబడి కొట్టాల్సి వచ్చినా జరిమానా లేకుండా తీసి, నీరు లేని దగ్గరి చోటు చూసుకుని వేసుకోవచ్చు. అయితే అది గుంతకు దగ్గర కాకూడదు. బంతి వచ్చి పడిన దెబ్బకే నేలలో కూరుకుపోతే అప్పుడూ ఊరటే. ఆగి ఉన్న బంతిని గాలి కదిపితే జరిమానా లేదు, చాలా సందర్భాల్లో కొత్తగా ఆగిన చోటు నుంచే ఆడాలి. నేల మరీ చిత్తడిగా ఉంటే బంతిని ఎత్తి, తుడిచి, మళ్లీ పెట్టుకునే వెసులుబాటును ఆ రోజుకు నిర్వాహకులే ఇస్తారు. కష్టాన్ని పూర్తిగా తీసేయరు, అన్యాయాన్ని మాత్రం తీసేస్తారు. అదీ తేడా!

గాలి నేర్పిన లెక్క

'మొదటి గుంతకే ఎనిమిది దెబ్బలు పట్టాయి. ఇంకేం గెలుస్తాం... ఇంటికి పోదాం!' వానాగాలి రోజుల్లో అమెచ్యూర్‌ ఆటగాడి మనసులో మెదిలే మాట ఇది. మొత్తం దెబ్బల సంఖ్యే లెక్కయితే ఒక్క గుంత దగ్గర బోల్తా పడినా మిగతా పదిహేడూ దండగ అనిపిస్తుంది.

ఈ నిరాశకు మందు కనిపెట్టింది ఓ డాక్టరు. ఇంగ్లండు వాయవ్య తీరంలో వాలసీ అనే చోట సముద్రం ఒడ్డున గోల్ఫ్‌ క్లబ్బుంది. అక్కడి గాలికి సగటు ఆటగాళ్లు మొదటి రెండు మూడు గుంతలకే చేతులెత్తేసేవాళ్లు. ఫ్రాంక్‌ స్టేబుల్‌ఫోర్డ్‌ అనే సర్జన్‌ అది చూసి దెబ్బలకు బదులు పాయింట్లు లెక్కపెడదామన్నాడు. ఒక్కో గుంతకు ఇన్ని దెబ్బలని ఓ లెక్క ఉంటుంది కదా, దాన్ని పార్‌ అంటారు. సరిగ్గా పార్‌లో పూర్తిచేస్తే రెండు పాయింట్లు. ఒక దెబ్బ ఎక్కువైతే ఒకటి. ఒకటి తక్కువైతే మూడు. రెండు దెబ్బలో, అంతకన్నా ఎక్కువో పడితే సున్నా. అంతే! పది దెబ్బలు తిన్నా సున్నాకన్నా కిందకు పోదు. బంతి జేబులో వేసుకుని తర్వాతి గుంత దగ్గర కొత్తగా మొదలుపెట్టొచ్చు. 1932లో వాలసీలో ఈ పద్ధతిలో పోటీ పెట్టారు. ఇప్పుడు ప్రపంచమంతటా అమెచ్యూర్‌ పోటీల్లో ఎక్కువగా కనిపించే పద్ధతుల్లో ఇదొకటి. ఒక పూట చెడితే బతుకంతా చెడినట్టు కాదని చెప్పే లెక్క ఇది!

ఇంకో వెసులుబాటు హ్యాండిక్యాప్‌. కొత్త ఆటగాడు, చెయ్యి తిరిగిన ఆటగాడు ఒకే పోటీలో తలపడాలంటే కొత్తవాడికి కొన్ని దెబ్బలు ఉదారంగా ఇస్తారు. ఆటగాడి చివరి 20 స్కోర్లలో మేలైన 8 తీసుకుని ఈ అంకె కడతారు. 2020 నుంచి ప్రపంచమంతా ఒకే తరహా హ్యాండిక్యాప్‌ లెక్క అమల్లోకి వచ్చింది. అందులో వాతావరణానికీ చోటిచ్చారు. ఆ రోజు ఆడినవాళ్ల స్కోర్లన్నీ చూసి, అందరూ ఊహించినదానికన్నా బాగా ఎక్కువ దెబ్బలు తిన్నారంటే పరిస్థితి కష్టంగా ఉన్నట్టే లెక్క. అలాంటి రోజున గరిష్ఠంగా మూడు దెబ్బల దాకా సర్దుబాటు చేస్తారు. వాన ఎంత పడిందో కొలవక్కర్లేదు, గాలి వేగం చూడక్కర్లేదు. ఆడినవాళ్ల అవస్థే కొలమానం!

ప్రపంచంలో నంబర్‌ వన్‌ అయినా వానాగాలికి మినహాయింపు లేదు. 2002లో మాస్టర్స్‌, అమెరికన్‌ ఓపెన్‌ గెలిచిన టైగర్‌ వుడ్స్‌ అదే ఊపులో బ్రిటిష్‌ ఓపెన్‌కు వెళ్లాడు. మ్యూర్‌ఫీల్డ్‌లో మూడోరోజు చలిగాలి, జడివాన. వుడ్స్‌ స్కోరు 81. ఒకే ఏడాదిలో నాలుగు పెద్ద టైటిళ్లన్న కల ఆ వానలోనే కొట్టుకుపోయింది.

జారిన చెయ్యి... జారని మనసు

వానలో ఓ అమెచ్యూర్‌ ఏం చేయగలడో తెలియాలంటే వందేళ్లు దాటి వెనక్కి వెళ్లాలి. అది 1913 సెప్టెంబర్‌. అమెరికాలో బోస్టన్‌ పక్కన బ్రూక్‌లైన్‌. అక్కడి కంట్రీ క్లబ్‌లో యూఎస్‌ ఓపెన్‌ జరుగుతోంది. ఇంగ్లండు నుంచి ఇద్దరు మహామహులు వచ్చారు. అప్పటికే అయిదుసార్లు బ్రిటిష్‌ ఓపెన్‌ గెలిచిన హ్యారీ వార్డన్‌ ఒకరు. అంతకుముందు ఏడాదే ఆ టైటిల్‌ గెలిచిన టెడ్‌ రే మరొకరు. కప్పు వాళ్లిద్దరిలో ఒకరిదేనని అంతా ఖాయం చేసేసుకున్నారు.

క్లబ్బు ఎదురుగా, రోడ్డుకు అవతల ఓ చిన్న ఇల్లు. కెనడా నుంచి వలస వచ్చిన కూలి కుటుంబం అది. ఆ ఇంటి కుర్రాడు ఫ్రాన్సిస్‌ విమెట్‌. చిన్నప్పుడు అదే క్లబ్బులో పెద్దవాళ్ల సంచులు మోసే క్యాడీ. గోల్ఫ్‌తో కడుపు నిండదని తండ్రి కోపం. ఇరవై ఏళ్ల విమెట్‌ అప్పటికి ఆటసామాన్ల దుకాణంలో ఉద్యోగం చేస్తున్నాడు. సెలవు దొరకదేమోనన్న బెంగతోనే పోటీలో దిగాడు. అతని సంచి మోయడానికి వచ్చింది ఎవరనుకున్నారు? ఎడ్డీ లోవరీ అనే పదేళ్ల పిల్లాడు! బడి ఎగ్గొట్టి మరీ వచ్చాడు. సంచి దాదాపు అతనంత ఉంది.

సెప్టెంబర్‌ 19న వాన. మైదానమంతా చిత్తడి. మూడు రౌండ్లు పూర్తయ్యేసరికి వార్డన్‌, రే, విమెట్‌ ముగ్గురిదీ ఒకే స్కోరు... 225. ఆఖరి రౌండులో వార్డన్‌ 79. రే 79. విమెట్‌ కూడా తడబడ్డాడు. ఆఖరి ఆరు గుంతల్లో అద్భుతం చేస్తే తప్ప సమం చేయలేని స్థితి. 17వ గుంత దగ్గర దూరం నుంచి కొట్టిన బంతి సరాసరి లోపల పడింది. ఆ గుంత సరిగ్గా విమెట్‌ ఇంటి ఎదుటే ఉంది. అతనిదీ 79. ముగ్గురూ 304 దగ్గర సమం!

మర్నాడు ముగ్గురికీ మరో పద్దెనిమిది గుంతల పోటీ పెట్టారు. ఆరోజూ వానే. ఎడ్డీ బదులు పెద్ద క్యాడీని పెట్టుకోమని కొందరు సలహా ఇచ్చారు. పిల్లాడి కళ్లలో నీళ్లు చూసి విమెట్‌ ఒప్పుకోలేదు. అయిదో గుంత దగ్గర అందరూ భయపడిందే జరిగింది. తడిసిన పిడి మీద చెయ్యి జారి బంతి హద్దు దాటిపోయింది. ఇక ఈ కుర్రాడి పని అయిపోయినట్టే అనుకున్నారంతా. విమెట్‌ మాత్రం అదే చోటు నుంచి, అదే కర్రతో ఇంకో బంతి కొట్టాడు. ఈసారి చెయ్యి జారలేదు. చివరికి ఆ గుంతను అయిదు దెబ్బల్లో ముగించాడు. వార్డన్‌కీ, రేకీ కూడా అయిదే పట్టాయి! ఆట ముగిసేసరికి విమెట్‌ 72, వార్డన్‌ 77, రే 78. వేలమంది జనం వానలో తడుస్తూనే ఆ కుర్రాడిని భుజాలకెత్తుకున్నారు. అమెచ్యూర్‌ కాబట్టి బహుమతి డబ్బు తీసుకోకూడదు. జనం టోపీ పట్టి చందాలు పోగేసింది మాత్రం ఎడ్డీ కోసం.

యూఎస్‌ ఓపెన్‌ను ఓ అమెచ్యూర్‌ గెలవడం అదే మొదటిసారి. కోట గోడల్లాంటి క్లబ్బుల ఆట మామూలు ఇళ్లలోకి రావడానికి ఆ వాన రోజే నాంది అంటారు. విమెట్‌ పేరిట 1949లో పెట్టిన నిధి ఇప్పటికీ గోల్ఫ్‌ మైదానాల్లో పనిచేసే పిల్లల చదువులకు సాయం చేస్తోంది.

ఎవరూ చూడని చోట...

క్లబ్‌ టోర్నమెంటులో ఇంకో వింత. ప్రతి ఆటగాడి వెనకా అంపైరు ఉండడు. మైదానం వందకు పైగా ఎకరాలుంటుంది. వాన రోజున చూసే జనమూ ఉండరు. గొడుగుల చాటున పక్కవాడేం చేస్తున్నాడో కూడా కనిపించదు. బంతి పొదలో పడి, వెతుకుతుంటే కాలు తగిలి కొంచెం కదిలిందనుకోండి, చూసేదెవరు?

తనే చూడాలి. తనే చెప్పాలి. తనకు తానే జరిమానా వేసుకోవాల్సిన సందర్భాలు ఈ ఆటలో ఎన్నో. 1925లో యూఎస్‌ ఓపెన్‌ మొదటి రౌండులో బాబీ జోన్స్‌ కొట్టబోతుండగా గడ్డిలో బంతి కాస్త కదిలింది. ఎవరూ చూడలేదు. అధికారులు పర్వాలేదన్నా ఆయన ఒప్పుకోలేదు, ఒక దెబ్బ తన లెక్కలో కలుపుకున్నాడు. చివరికి ఆ టోర్నమెంటు సమమై, తర్వాతి పోటీలో ఆయన ఓడిపోయాడు. ఆ ఒక్క దెబ్బ లేకపోతే కప్పు ఆయనదే. జోన్స్‌ కూడా అప్పటికి అమెచ్యూరే!

ఈ సంప్రదాయాన్ని నిలబెట్టినవాళ్లలో మన తెలుగు కుర్రాడూ ఉన్నాడు. హైదరాబాద్‌ నుంచి అమెరికా వెళ్లిన కుటుంబంలో పుట్టిన సాహిత్‌ తీగల, పెపర్‌డైన్‌ యూనివర్సిటీలో చదువుకుంటూ 2020లో కాలేజీ గోల్ఫ్‌లోని మూడు పెద్ద అవార్డులూ ఒకే ఏడాది అందుకున్నాడు. 2023లో పీజీఏ టూర్‌లో మొదటి టైటిల్‌ గెలిచాడు. 2024లో అట్లాంటాలో టూర్‌ ఛాంపియన్‌షిప్‌ ఆడుతూ ఇసుక గుంతలో కర్ర వెనక్కి తీసేటప్పుడు అది ఇసుకకు తగిలినట్టు అనిపించింది. వెంటనే అధికారికి తనే చెప్పాడు. రెండు దెబ్బల జరిమానా పడింది. చివరికి మూడోస్థానంతో సరిపెట్టుకున్నాడు. రెండోస్థానంలో ఉన్న ఆటగాడికీ అతనికీ తేడా ఎంతో తెలుసా? సరిగ్గా ఆ రెండు దెబ్బలే! ఆ తేడా విలువ కోట్ల రూపాయలు.

సైరన్‌ మోగిందా... అంతే!

ఇంతసేపూ చెప్పుకున్నది వాన సంగతి. ఆకాశం ఉరిమితే మాత్రం ఆట స్వరూపమే మారిపోతుంది.

గోల్ఫ్‌ మైదానం కన్నా పిడుగుకు అనువైన చోటు ఇంకోటి ఉండదు. చుట్టూ ఖాళీ. మధ్యలో ఒంటరిగా నిలబడ్డ మనిషి. చేతిలో లోహపు కర్ర. నెత్తిన గొడుగు. ఎక్కడో ఓ చెట్టు, పక్కనే చెరువు. 1975 జూన్‌లో షికాగో దగ్గర వెస్టర్న్‌ ఓపెన్‌ ఆడుతున్నప్పుడు లీ ట్రెవినో, జెర్రీ హర్డ్‌ చెరువు పక్కన గడ్డి మీద కూర్చుని వాన తగ్గడం కోసం చూస్తున్నారు. పిడుగు పడింది. ఇద్దరూ ఆసుపత్రి పాలయ్యారు. అదే రోజు మైదానంలో ఇంకోచోట ఉన్న బాబీ నికల్స్‌కీ దెబ్బ తగిలింది. ట్రెవినోకు ఆ తర్వాత వెన్నుకు ఆపరేషన్‌ చేయాల్సొచ్చింది. 1991లో మినెసోటాలో యూఎస్‌ ఓపెన్‌ మొదటిరోజున గాలివాన మొదలైంది. చూడటానికి వచ్చిన కొందరు ఓ చెట్టు కింద చేరారు. పిడుగు ఆరుగురికి తగిలింది. ఒకరు చనిపోయారు.

అందుకే నిబంధన ఖరాఖండీగా ఉంటుంది. ఒక్క పొడుగాటి సైరన్‌ మోగిందంటే ఆట తక్షణం ఆపాలి. బంతి గుంతకు అంగుళం దూరంలో ఉన్నా సరే, కొట్టకూడదు. 'ఈ ఒక్కటీ...' అని కొడితే పోటీ నుంచి అవుటే! మామూలు వాన వల్ల ఆపాల్సి వస్తే మూడు సైరన్లు మోగుతాయి. అప్పుడు మొదలుపెట్టిన గుంతను పూర్తి చేసుకోవచ్చు. మళ్లీ మొదలుపెట్టమనడానికి రెండు పొట్టి సైరన్లు.

ఇంకో సంగతి వింటే ఆశ్చర్యమేస్తుంది. సైరన్‌ మోగకపోయినా, పిడుగు ప్రమాదం ఉందని ఆటగాడికి సహేతుకంగా అనిపిస్తే చాలు... ఎవర్నీ అడక్కుండా ఆపేయొచ్చు. తర్వాత వీలైనంత త్వరగా నిర్వాహకులకు చెబితే సరిపోతుంది. జరిమానా లేదు. బంతి ఎక్కడుందో గుర్తు పెట్టి వెళ్లి, ఆకాశం తెరిపిచ్చాక అక్కడి నుంచే ఆడొచ్చు. అంటే, వానకు భయపడి ఆపినవాడు అవుట్‌. పిడుగు సైరన్‌ మోగినా ఆపనివాడూ అవుట్‌. ఓర్పుకీ మొండితనానికీ మధ్య ఇంత స్పష్టంగా గీత గీసిన ఆట మరోటి కనపడదు.

మామిడితోటకూ ఇదే రూలు

ఈ గీత మనకెందుకు అంటారా? మనకే ఎక్కువ కావాలి. 2018 ఏప్రిల్‌ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల వ్యవధిలో 36,749 పిడుగులు పడ్డట్టు లెక్క తేలింది. తొమ్మిదేళ్ల పాప సహా తొమ్మిదిమంది ప్రాణాలు పోయాయి. దేశం మొత్తమ్మీద పిడుగుపాటుకు ఏటా రెండువేలమందికి పైగా చనిపోతున్నారు. వాళ్లలో ఎక్కువమంది పొలాల్లో ఉన్న రైతులు, కూలీలు, పశువులు కాసేవాళ్లు.

చింతలపూడి మెట్టలో మామిడికాయ కోతకు వచ్చేది సరిగ్గా గాలివానల కాలంలోనే. ఆ పూట కోయకపోతే కాయ రాలిపోతుందని యజమానికి దిగులు. పని మధ్యలో వెళ్తే కూలి తెగుతుందేమోనని కూలీకి దిగులు. చేతిలో చిక్కం కట్టిన పొడుగాటి గెడ. నెత్తిన చెట్టు. ఉరుముతున్నా 'ఈ ఒక్క కొమ్మా దులిపేసి...' అనుకోవడం అక్కడే. కొల్లేరు వైపు చేపల చెరువు గట్టు మీద ఉన్నవాళ్లదీ అదే పరిస్థితి. గోల్ఫ్‌ ఆటగాడికున్న హక్కు వీళ్లకు లేదు. ఎవర్నీ అడక్కుండా ఆగే హక్కు, ఆగినందుకు ఏమీ పోగొట్టుకోని హక్కు.

కానీ, ఆ నిబంధన తెచ్చుకోవడానికి ఖర్చేం కాదు. మెరుపు కనపడ్డాక సెకన్లు లెక్కపెట్టండి. మూడు సెకన్లకు ఉరుము వినపడితే పిడుగు పడింది కిలోమీటరు దూరంలోనే. ముప్ఫై సెకన్లలోపు వినపడితే లోపలికి వెళ్లాల్సిందే. ఉరుము వినపడిందంటేనే ప్రమాదం దగ్గర్లో ఉన్నట్టు. పక్కా ఇల్లు, బడి, తలుపులూ అద్దాలూ మూసిన కారు... ఇవి సురక్షితం. చెట్టు నీడ, టార్పాలిన్‌ పాక, తెరిచి ఉన్న ట్రాక్టరు, గోల్ఫ్‌ మైదానాల్లో తిరిగే చిన్న బండి... ఇవేవీ కావు. ఆఖరి ఉరుము విన్నాక అరగంట ఆగి బయటకు రావాలి. పిడుగుల గురించి ముందే హెచ్చరించే దామిని యాప్‌ను ఫోన్‌లో పెట్టుకోవచ్చు. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ పంపే సందేశాలను చదవకుండా తీసేయకండి.

పెద్దవాళ్లు పిల్లలకు చెప్పాల్సిన మాటా ఒకటుంది. చినుకులు పడుతుంటే ఆడనివ్వండి, బురదలో పడి లేవనివ్వండి, చెయ్యి జారితే మళ్లీ కొట్టమనండి. వానలో తడిసినవాడు తుడుచుకుంటే సరిపోతుంది. ఆకాశం ఉరిమితే మాత్రం ఆఖరి ఓవరైనా, ఆఖరి బంతైనా వదిలేసి బడి గదిలోకి పరిగెత్తమనండి... చింతచెట్టు కిందకు కాదు. తోటలో పనిచేసేవాళ్లకు ఆ మాట యజమానే ముందుగా చెబితే ఇంకా మేలు. 'ఉరుము వినపడితే వచ్చెయ్యండి, కూలి తెగదు' అని.

స్కోరు ఎక్కడ ఆగిందో అక్కడే ఉంటుంది. మిగిలిన కాయ రేపు కోసుకోవచ్చు.